థకారంలో చుక్క

కావలిలో ట్రంకు రోడ్డు దిగి రైలు స్టేషన్ వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో మా నాయన ప్రెస్సు ఉండేది. ముందు పంచ, దాని వెనక పొడుగాటి గది, ఆ వెనక కాగితాల గది. పంచలో నాయన బల్ల, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బెంచీ. పొడుగాటి గదిలో గోడ వెంబడి టైపు కేసులు, చివర్లో ట్రెడిల్ అచ్చు మిషను. ఎనభైల్లో నా చిన్నతనమంతా బడికీ ఆ ప్రెస్సుకీ నడుమనే గడిచింది. బడి వదలగానే సంచి ఇంట్లో పడేసి, అమ్మ పెట్టింది తిని, నేరుగా అక్కడికే పోయేవాణ్ని. సందు మొగలోకి వచ్చేసరికి ట్రెడిల్ చప్పుడు వినపడేది. గడప దాటితే కిరసనాయిలూ సిరా కలిసిన వాసన.

ఇవాళ ఏ ఊళ్లో ఏ ఫ్లెక్సీ చూసినా, ఏ శుభలేఖ చేతికొచ్చినా, అందులో అక్షరం తప్పు పడితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఆ గుణం నాకు ఆ పొడుగాటి గదిలోనే అబ్బింది. అందుకే ఆ గది గురించి చెప్పాలి.

ఇంగ్లీషు టైపుకి రెండు కేసులుంటే చాలు. తెలుక్కి అట్లా కుదరదు. అక్షరాలు, వాటి గుణింతాలు, కింద తగిలించే వత్తులు, వట్రుసుడులు, అన్నీ కలిపి వందల రకాల సీసపు దిమ్మలు. ఒక్కో రకానికి ఒక్కో గడి. ఎక్కువ వాడుకలో ఉండే ల, న, ర, క గడులు చేతికి దగ్గరగా, ఝ, ఞ లాంటివి పైన మూలల్లో. పెద్ద కంపోజిటర్‌ని నేను మామా అని పిలిచేవాణ్ని. ఆయన ఎడమచేత స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో గడుల్లోంచి అక్షరాలు ఏరి దాంట్లో పేర్చేవాడు. కళ్లు కాపీ మీద, వేళ్లు కేసులో. అక్షరాలు అద్దంలో మాదిరి తిరగబడి ఉంటాయి కాబట్టి వరుసను తలకిందులుగా చదవాలి. ఆయన అట్లాగే గబగబా చదివేసేవాడు.

ద, ధ, థ గడులు మూడూ పక్కపక్కనే ఉండేవి. ద కింద చిన్న గీత ఉంటే ధ. ఆ ధ కడుపులో ఒక చుక్క ఉంటే థ. చిన్న సైజు టైపులో ఆ చుక్క నువ్వుగింజలో సగం కూడా ఉండదు. ఏళ్ల తరబడి వాడిన టైపులో అది అరిగిపోతుంది, లేదంటే చుట్టూ సిరా గడ్డకట్టి చుక్కా కడుపూ ఒకటైపోతాయి. అప్పుడు కాగితం మీద థ కాస్తా ధ అవుతుంది. అందుకని మామ పని తగ్గిన రోజుల్లో థ గడిని బల్ల మీద కుమ్మరించేవాడు. కిరసనాయిల్లో ముంచిన బ్రష్‌తో రుద్ది, ఒక్కొక్క అక్షరాన్నీ కిటికీ వెలుగుకి పెట్టి చూసేవాడు. చుక్క బాగున్నవి గడిలోకి, చెడినవి పాత టైపు డబ్బాలోకి. నేనూ పక్కన కూర్చుని చూసేవాణ్ని. "దీంట్లో చుక్క ఉండాదా లేదా చెప్పబ్బయ్యా" అని నా చేతిలో పెట్టేవాడు. వేలికొసతో తడిమి చెప్పేవాణ్ని.

ఆ చుక్క ఎందుకంత ముఖ్యమో ఒక ప్రశ్నపత్రం వల్ల నాకు బాగా తెలిసింది. ఒక బడి వాళ్లు పరీక్ష కాగితం అచ్చుకి ఇచ్చారు. చేతిరాత కాపీలో పైన 'అర్థ సంవత్సర పరీక్షలు' అని ఉంది. లోపల మొదటి ప్రశ్న, కింది పద్యానికి 'అర్ధం' రాయమని. సగం అనాల్సిన చోట చుక్క ఉంది, భావం అనాల్సిన చోట చుక్క లేదు. ఒకే కాగితంలో రెండూ తారుమారు. మామ రెండు చోట్లా ఆగి, స్టిక్ కింద పెట్టి, కాపీ తీసుకుని నాయన దగ్గరికి వచ్చాడు. "అయ్యా, వీళ్లు ఏడాదికి భావం చెప్పమంటన్నారు, పద్యాన్ని సగం కొయ్యమంటన్నారు" అన్నాడు. నాయన ఎర్ర పెన్సిలుతో రెండూ దిద్ది, బడికి మనిషిని పంపి, వాళ్ల ఒప్పుదల తీసుకున్నాకే పని ముందుకు పోనిచ్చాడు. పిల్లల చేతికి పోయే కాగితం తప్పుతో పోకూడదని ఆయన పట్టుదల. పరీక్షలో పిల్లవాడు ఆ తప్పునే చూసి రాస్తే రేపు వాడికి మార్కులు తీసేది ఎవరు అని అడిగేవాడు.

ప్రెస్సులో నాకంటూ ఒక పని ఉండేది. కాపీ చదవడం. కంపోజింగ్ అయిన పేజీని పురికొసతో కట్టి, రోలరుతో సిరా పూసి, తడి కాగితం పరిచి ప్రూఫు తీస్తారు. ఆ ప్రూఫు నాయన ముందు, చేతిరాత కాపీ నా చేతిలో. నేను పైకి చదవాలి, ఆయన ప్రూఫు చూస్తూ పోవాలి. మామూలుగా చదివితే కుదరదు. వత్తక్షరం వస్తే ఊపిరి వదిలి పలకాలి. నిలువు, కామా కూడా చెప్పాలి. "నువ్వు ద అన్నా ధ అన్నా నాకు ఒకటే మాదిరి వినపడితే నేనేం దిద్దేదిరా?" అనేవాడు. నోటి ముందు అరచెయ్యి పెట్టుకోమనేవాడు. బాధ అన్నప్పుడు రెండో అక్షరానికి అరచేతికి గాలి తగలాలి, మొదటి అక్షరానికి తగలకూడదు. భాద అని రాసేవాళ్లు ఆ గాలిని ముందే ఖర్చు పెట్టేస్తున్నారు. బాధ్యత కూడా అంతే. సంబంధం అన్నప్పుడు చివర మాత్రమే గాలి తగలాలి. 'సంభందం' అని రాస్తే ఊపిరి తప్పు చోట పోతుంది. మా బళ్లో తెలుగు అయ్యవారు ఉక్తలేఖనం పెట్టినప్పుడు నాకు భయం ఉండేది కాదంటే కారణం ఈ అరచేతి పాఠమే.

మొదటిసారి చదవడం అయ్యాక నాయన ఒక్కడే రెండోసారి చూసేవాడు. ఈసారి కిందినుంచి పైకి. ఆఖరి వరుస, దాని పై వరుస, దాని పైది. పైనుంచి కిందికి చదివితే భావం మనల్ని లాక్కుపోతుంది, కన్ను అక్కడ ఉన్నది కాకుండా ఉండాల్సినదాన్ని చూస్తుంది అని ఆయన చెప్పేవాడు. కిందినుంచి చదివితే భావం ఉండదు, అక్షరాలే ఉంటాయి. ఈ ఉపాయం ఆయనకి ఎవరు నేర్పారో గాని, నేను ఇవాళ్టికీ రాసింది ఏదైనా అట్లాగే దిద్దుకుంటాను.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి. పని మధ్యలో ఏదైనా అక్షరం గడిలో అయిపోతే, మామ దాని చోట మరో దిమ్మను తిరగేసి నిలబెట్టేవాడు. ప్రూఫులో అక్కడ నల్ల మచ్చ పడేది. అంటే ఇక్కడ అక్షరం బాకీ ఉంది, తెచ్చి పెట్టాలి అని గుర్తు. ళ్లు అయిపోయింది కదా అని ల్లు వేసి సర్దేయడం ఆయన ఎరగడు. తెలియని మాట వచ్చినా అదే పద్ధతి. మచ్చ పెట్టి, నాయన్ని అడిగి, అప్పుడు నింపేవాడు. లేనిదాని చోట చేతికందింది వేసేసి ముందుకు పోవడం మాత్రం లేదు. చదువు కన్నా ఈ నియమమే ఆ ప్రెస్సును కాపాడిందని నాకనిపిస్తుంది. ఎందుకంటే మామ చదివింది ఐదో తరగతి.

ఆయన తనకోసం తయారుచేసుకున్న సూత్రాలు కొన్ని ఉండేవి. వ్యాకరణం పేర్లు తెలియవు గాని, సూత్రం తప్పేది కాదు. "హ ఎప్పుడూ పైనే ఉంటాది, తక్కినోళ్లే దాని కింద ఉండాల" అనేవాడు. బ్రహ్మ, ఆహ్వానం, చిహ్నం, మధ్యాహ్నం, ప్రహ్లాదుడు, జిహ్వ. అన్నిట్లోనూ హ పైన, రెండో హల్లు వత్తుగా కింద. మనం పలికేటప్పుడు బ్రమ్హ అనీ ఆవ్హానం అనీ తిప్పి పలుకుతాం కాబట్టి రాతలోనూ తిప్పేస్తాం. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం శుభలేఖలు బాగుపడతాయి.

రెండో సూత్రం జంటలది. పద్ధతి, బుద్ధి, శ్రద్ధ, యుద్ధం, వృద్ధులు, స్వచ్ఛం, ఇచ్ఛ. ఇట్లాంటి జంటల్లో పై అక్షరం తేలికది, కింది వత్తు బరువుది. రెండూ తేలికైతే శ్రద్ద అవుతుంది, రెండూ బరువైతే స్వఛ్ఛం అవుతుంది. రెండూ తప్పే. మూడోది య-వత్తు మాటలది. విద్య, వైద్యం, ఉద్యోగం, ఉద్యమం, పద్యం, నైవేద్యం. వీటికి కింద గీత లేదు. మధ్య, సంధ్య, సాధ్యం, అధ్యాయం, అధ్యక్షుడు, అయోధ్య. వీటికి గీత ఉంది. ఈ రెండు జాబితాలూ మామ ఒక అట్ట మీద అతికించి కేసు పైన తగిలించుకున్నాడు. అనుమానం వస్తే తల ఎత్తి చూసేవాడు. ఎన్నో ఏళ్లు పనిచేసిన తర్వాత కూడా తల ఎత్తి చూడటానికి ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు.

నాయన బల్ల మీద బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం ఉండేది. 1885లో తొలిసారి అచ్చయిన ఆ నిఘంటువు మా ప్రెస్సులో తీర్పు చెప్పే పెద్దమనిషి. తగాదా వస్తే నాయన మాట, మామ మాట, వచ్చినవాళ్ల మాట ఏదీ చెల్లదు. పుస్తకం తెరవాల్సిందే.

ఒకసారి ట్రంకు రోడ్డు మీద కొత్తగా భోజన హోటలు పెట్టిన ఆయన కరపత్రాలకి వచ్చాడు. కాపీలో 'శుద్ధ శాఖాహార భోజనము' అని ఉంది. నాయన ఖ కొట్టేసి క పెట్టాడు. ఆయన ఒప్పుకోలేదు.

"బజారంతా ఖ అనే ఉండాది సామీ. నాదొక్కటే క పెడితే జనం నాదే తప్పనుకుంటారు."

నాయన శబ్దరత్నాకరం తీసి ఆయన ముందు పెట్టాడు. శాకం అంటే కూర, శాఖ అంటే కొమ్మ. "నీ హోటల్లో కూరలు వడ్డిస్తావా, కొమ్మలు వడ్డిస్తావా?" అని అడగలేదు నాయన. అట్లా అడిగితే మనిషి చిన్నబుచ్చుకుంటాడని ఆయనకి తెలుసు. "తప్పనుకునేవాళ్లు నాలుగు రోజులు అనుకుంటారు. ఎవరో ఒకరు సరిగ్గా వేస్తేనే గదా సరైంది ఇదని తెలిసేది. ఆ పేరు మీకే రానీయండి" అన్నాడు. హోటలాయన కాసేపు పుస్తకం చూసి, సరేనన్నాడు. కరపత్రాలు క తోనే అచ్చయ్యాయి. తర్వాత ఆయన బోర్డు కూడా క తోనే రాయించాడు. పక్క హోటళ్లు మాత్రం మారలేదు. ఇవాళ్టికీ తెలుగు ఊళ్లలో శాఖాహారమే ఎక్కువ కనిపిస్తుంది. కాని ఆ ఒక్క బోర్డు ఉన్నన్నాళ్లూ దాని ముందు నడిచిన పిల్లలు సరైన మాట చూస్తూ పెరిగారు. నాయనకి అది చాలు.

శ్రీరామనవమి ముందు నాటకాల కరపత్రాల పని పడేది. రాయబారం సీను, హరిశ్చంద్ర, చింతామణి. కాపీల్లో 'దృతరాష్ట్రుడు', 'హరిశ్ఛంద్ర' అని వచ్చేవి. తిక్కన పుట్టిన నెల్లూరు సీమలో భారతంలో పేర్లు తప్పు అచ్చేస్తామా అని నాయన నొచ్చుకునేవాడు. మాఘం వస్తే శుభలేఖలు. పసుపు పూసిన అంచులు ఆరడానికి పంచంతా పరిచేవాళ్లం. వాటిలో 'ప్రార్ధన' వస్తే థ చుక్క, 'హార్ధిక' వస్తే గీత లేని ద. చావు కబురు కార్డులు కూడా వచ్చేవి. జనం వాటిని చదివి చింపేస్తారు, ఇంట్లో ఉంచుకోరు. అయినా నాయన వాటి ప్రూఫు కూడా రెండుసార్లూ చదివేవాడు. ఒకసారి తొందరలో ఉన్న మనిషి, "చింపేసేదే గదయ్యా, ఎట్టాగుంటే ఏంది" అన్నాడు. "పోయినాయన పేరు ఆఖరిసారి అచ్చయ్యేది దీంట్లోనే గదా" అన్నాడు నాయన. ఆ మనిషి బెంచీ మీద కూర్చుని ప్రూఫు తానే చదివాడు.

మాటల ఎంపికలో కూడా అంతే జాగ్రత్త. నిరసన వేరు, నిరశన వేరు. మొదటిది ఒప్పుకోకపోవడం, రెండోది అన్నం మానడం. అశనం అంటే తిండి. కార్మికులు కరపత్రం తెచ్చినప్పుడు "మీరు ఊరేగింపు తీస్తారా, పస్తుంటారా?" అని అడిగి, దాన్నిబట్టి అక్షరం వేసేవాళ్లు. జయంతి అనేది పోయిన పెద్దల పుట్టినరోజుకి వాడుకలో స్థిరపడ్డ మాట. బతికున్న నాయకుడికి జయంతి అని రాసుకొస్తే నాయన జన్మదినం అని మార్చేవాడు.

1992లో మా జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. మాకు పడమరగా కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మా, తోటి ఆడవాళ్లూ సారా అంగడి మూయించిన సంగతి ఊరూరా పాకింది. అక్షరదీపం రాత్రి బడుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లే దానికి ముందు నిలిచారు. వాళ్ల వాచకంలోనే సారా వల్ల కూలిపోయిన కాపురం కథ ఒక పాఠం. ఆ రోజుల్లో పక్క ఊరినుంచి కొందరు ఆడవాళ్లు కరపత్రం వేయించడానికి మా ప్రెస్సుకొచ్చారు. కాపీ ఎవరో కాలేజీ కుర్రాడు రాసిచ్చాడు. నాయన ఊళ్లో లేడు. మామ కొత్తగా చేరిన కుర్ర కంపోజిటర్‌కి పని అప్పగించి ట్రెడిల్ దగ్గర ఉన్నాడు. ప్రూఫు తీసి బెంచీ మీద పెట్టారు. వాళ్లలో ఒకావిడ, మా అమ్మ కన్నా పెద్దది, కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవసాగింది. రెండో మాట దగ్గరే ఆగింది.

"నాయనా, ఇది మధ్య కాదంటరా? నడిమధ్య అంటామే, ఆ మధ్య. మా పుస్తకంలో తాగుడు మాటకి కింద ఈ గీత లేదే."

కుర్రాడు కాపీ చూపించి, అట్లాగే ఉందన్నాడు. మామ ట్రెడిల్ ఆపి వచ్చి చూశాడు. 'మధ్యపాన నిషేధం' అని పెద్ద టైపులో ఉంది. కాలేజీ కుర్రాడు రాసిన తప్పు, కంపోజిటర్ చూడని తప్పు, అక్షరాలు నేర్చి ఏడాదైనా కాని మనిషికి దొరికింది. మామ పట్టకారుతో ధ్య పీకేసి ద్య పెట్టి, మళ్లీ ప్రూఫు తీసి ఆవిడ చేతికే ఇచ్చాడు. "మొత్తం నువ్వే చదువమ్మా, నువ్వు చెప్పినాకే మిషనెక్కిస్తా" అన్నాడు. ఆవిడ ఆ కరపత్రమంతా పూర్తిగా చదివింది. దానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం రాష్ట్రంలో నిషేధమయ్యాయి. ఆ ఉద్యమం గురించి ఎవరు మాట్లాడినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ కరపత్రం మీద ఉన్న ఆవిడ వేలు.

ఆవిడకి ఎందుకు కనిపించింది, కాలేజీ కుర్రాడికి ఎందుకు కనిపించలేదు? నేను దీని గురించి చాలా ఆలోచించాను. తెలుగువాళ్ల నాలుక మీద వత్తక్షరాలు చాలావరకు సంస్కృతం నుంచి వచ్చిన మాటలతోటే వచ్చాయి. రోజువారీ మాటల్లో మనం వాటి ఊపిరి వదిలేశాం. మద్యం, మధ్యం చెవికి ఒకటే అయిపోయాయి. చెవి సాయం చేయని చోట కన్నే దిక్కు. వేగంగా చదివేవాడి కన్ను మాట ఆకారం చూసి ముందుకు పోతుంది. కూడబలుక్కునే మనిషి కన్ను ప్రతి అక్షరం దగ్గరా ఆగుతుంది. తప్పుకి చదువు తక్కువ కావడం కారణం కాదు. ఆగకపోవడం కారణం. ఐదో తరగతి మామా, రాత్రిబడి ఆవిడా ఆగేవాళ్లు. అందుకే వాళ్ల చేతుల మీదుగా పోయిన కాగితం శుభ్రంగా ఉండేది.

భాష మారుతుంది కదా, తప్పులని ఎందుకంత పట్టింపు అని అడిగేవాళ్లు ఉన్నారు. మారుతుంది, మారాలి కూడా. అరసున్న పోయింది, గుఱ్ఱం గుర్రమైంది, వ్రాయడం రాయడమైంది, ఋతువును పత్రికలు రుతువుగా రాస్తున్నాయి. వీటివల్ల ఏ మాటా మరో మాటగా మారిపోలేదు, చదివేవాడు మోసపోలేదు. మా నెల్లూరోళ్లు ఉండాది అనడం, రచయిత నామిని చిత్తూరు యాసలో కథలు రాయడం తప్పు కాదు, అది భాషకు ఒళ్లూ రక్తమూ. నాయన ఈ విషయంలో గిడుగు రామ్మూర్తి పంతులు పక్షం. వాడుక భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు, గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోని తప్పులు ఏరి చూపించాడు. అంటే ఆయన దృష్టిలో వాడుక భాష అంటే ఇష్టం వచ్చినట్టు రాయడం కాదు. మారడం వేరు, తారుమారు కావడం వేరు. అర్ధం, అర్థం ఒకటైతే భాష ముందుకు పోయినట్టు కాదు. ఉన్న రెండు మాటల్లో ఒకటి పోగొట్టుకున్నట్టు.

తొంభైల నడుమ కావలికి కూడా డీటీపీ వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడే కంపోజిటర్, వాడే ప్రూఫు రీడరు. కాపీ చదివేవాళ్లు లేరు. మా ట్రెడిల్ ఆగింది. టైపును సీసం ధరకి తూకానికి అమ్మేశాం. నాయన దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు గాని, ఒక మాట అన్నాడు: మిషన్ మారినందుకు బాధ లేదు, మిషన్‌తోపాటు ప్రూఫు చదవడం కూడా ఎత్తేశారే అన్నదే బాధ. ఆ మాట ఎంత నిజమో ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది. ఫోన్లో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఒకే రెండక్షరాల జంటతో త, థ రెండూ వచ్చే ఏర్పాట్లున్నాయి. ఫోను చూపించిన మొదటి మాట నొక్కేసి పంపేస్తాం. ఆ తప్పు పదిమందికి పోతుంది, పదిమంది దాన్నే చూసి రాస్తారు. ఫ్లెక్సీ అయితే సాయంత్రం చెప్తే తెల్లారేసరికి కూడలిలో ఉంటుంది. తండ్రి వర్ధంతికి ఒక కొడుకు కట్టించిన ఫ్లెక్సీ మీద 'వర్ధంతి శుభాకాంక్షలు' అని చూశాను. ఆ కొడుకుకి తండ్రి మీద ప్రేమ లేక కాదు. వేసినవాడికీ వేయించినవాడికీ నడుమ చదివేవాడు ఒక్కడూ లేకపోయాడు. వైద్యశాల బోర్డు మీద 'వైధ్యం', బడి గోడ మీద 'విధ్య', కార్యాలయం గుమ్మం మీద 'ఆర్ధిక శాఖ'. వీటిని చూస్తే నాకు కోపం వస్తుంది. రాసిన కుర్రాడి మీద కాదు. చదవకుండా సంతకం పెట్టి డబ్బు చెల్లించిన పెద్దల మీద.

ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. సభలు పెడతాం, భాష చచ్చిపోతోందని ఆవేశపడతాం. నేను అడిగేది అంతకన్నా చిన్నది, చేయగలిగింది. అచ్చుకి ఏది ఇచ్చినా ఇద్దరు కూర్చోండి. ఒకరు వత్తులు పలుకుతూ పైకి చదవండి, ఒకరు చూడండి. తర్వాత ఒకసారి కిందినుంచి పైకి చదవండి. అనుమానం వస్తే ఆ మాట దగ్గర గుర్తు పెట్టి ఆపేయండి. శబ్దరత్నాకరం, బ్రౌన్, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఫోన్లోనే వెతుక్కోవచ్చు. ఇంట్లో పెళ్లైతే శుభలేఖ ప్రూఫును బళ్లో చదివే పిల్లల చేత చదివించండి. వాళ్లు తీరిగ్గా చదువుతారు, దొరికిన తప్పుకి సంబరపడతారు, ఆ మాట జన్మలో మరిచిపోరు. మునిసిపాలిటీ అయినా, బడి అయినా, గుడి కమిటీ అయినా, బోర్డుకి డబ్బిచ్చే ముందు చదివినవాళ్ల పేరు, సంతకం అడగాలని ఒక నియమం పెట్టుకుంటే దానికి ఖర్చు లేదు. మా ప్రెస్సులో ప్రతి ప్రూఫు మూలన 'చదివినది' అని ఉండేది. దాని పక్కన ఎవరో ఒకరు సంతకం పెట్టకుండా ఏ కాగితమూ ట్రెడిల్ ఎక్కలేదు. మళ్లీ ఆ సంతకం పెట్టే అలవాటు మొదలుపెడదాం.